భద్రాద్రి ప్రయాణం: కారు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి



దసరా సెలవులో సంక్రాంతి సెలవులో దగ్గరపడగానే మన ఇళ్ళల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. ఎక్కడికి వెళ్ళాలన్నది ఇట్టే తేలిపోతుంది. భద్రాచలంలో రాములవారి దర్శనం, పర్ణశాల, ఒకరోజు పాపికొండల్లో బోటు, టైముంటే వచ్చే దారిలో కిన్నెరసాని. తేలనిది ఎలా వెళ్ళాలన్నదే. అబ్బాయి సెల్ఫ్ డ్రైవ్ కారు అంటాడు. నాన్న డ్రైవరున్న బండే మాట్లాడదామంటాడు. అమ్మ మాత్రం "బస్సులో మాకు టికెట్టే లేదు కదరా" అంటుంది. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. అయితే ముగ్గురూ ఒక్క బండినే ఇంటి గడప నుంచి మళ్ళీ ఇంటి గడప దాకా ఊహించుకుంటున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఈ ప్రయాణంలో దూరం ఒక రకం కాదు. హైదరాబాదు నుంచి కొత్తగూడెం దాకా మామూలు దూరం. కొత్తగూడెం దాటాక అడవి, బోటు ఎక్కే పోచవరం చేరాక నది. గుడి చుట్టూ ఊరు కాలినడకన తిరిగేంతే. ఒక్కో ముక్కకు ఒక్కో బండి నప్పుతుంది. అన్నిటికీ కలిపి ఒకే కారు మాట్లాడుకుంటే, మనం సంతోషంగా గడిపే గంటల్లో ఆ కారు ఎక్కడో చెట్టుకింద ఖాళీగా నిలబడి ఉంటుంది. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. రామోజీ ఫిల్మ్ సిటీకి కారులో వెళ్ళినవాళ్ళకు ఇది బాగా తెలుసు. కారు పార్కింగులో పెట్టేసి లోపలంతా వాళ్ళ బస్సుల్లోనే తిరగాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్తారు. 1971లో తెరిచిన ఆ పార్కుల ఆవరణ 100 చదరపు కిలోమీటర్ల పైమాటే. లోపల వాళ్ళ బస్సులు, పడవలు, మోనోరైలు ఉన్నాయి. వాళ్ళ హోటల్లోనే దిగినవాళ్ళకు కారు అవసరం పెద్దగా పడదు, బయట చవక హోటల్లో దిగినవాళ్ళకు కారు లేనిదే గడవదు. విమానాశ్రయం నుంచి హోటలు దాకా వాళ్ళు ఉచితంగా నడిపిన బస్సు 2022 జనవరిలో ఆగిపోయాక, అద్దె కారా మరొకటా అన్న తర్జనభర్జన అక్కడ మళ్ళీ మొదలైంది. కాబట్టి డాలస్‌లో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, భద్రాచలంలో రెంటల్ కారు బుక్ చెయ్యనా?" అని అడిగితే నవ్వకండి. వాడి అనుభవం వాడిది. ఇక్కడి లెక్క వాడికి విడమరిచి చెప్పాలి, అంతే.

ఆ లెక్కే చూద్దాం. హైదరాబాదు నుంచి భద్రాచలం రోడ్డు మార్గాన సుమారు 310 కిలోమీటర్లు. రానూపోనూ 620. పర్ణశాల భద్రాచలానికి 35 కిలోమీటర్లు, అంటే రానూపోనూ 70. పాపికొండల బోటు ఎక్కే పోచవరం దాదాపు 75 కిలోమీటర్లు, అంటే మరో 150. మొత్తం 840. ఊరు దాటి వెళ్ళే టాక్సీలు సాధారణంగా రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు మినిమం అంటాయి. 300 అనుకుందాం, కిలోమీటరుకు 15 రూపాయలనుకుందాం. మూడు రోజులకు మినిమం 900 కిలోమీటర్లు, 13,500 రూపాయలు. అక్కడిదాకా పెద్ద నష్టమేమీ లేదు, తిరిగింది కూడా ఇంచుమించు అంతే. పిల్లలు ఇంకో రోజు ఉందామన్నారనుకోండి. మినిమం 1,200 అవుతుంది, బిల్లు 18,000. బండి తిరిగింది మాత్రం అదే 840. తిరగని 360 కిలోమీటర్లకు డబ్బు కట్టామన్నమాట. దానిమీద డ్రైవరు బేటా, నైట్ హాల్టు, టోలు, పార్కింగు వేరే. నాలుగు రోజుల్లో ఒక రోజంతా బోటులో ఉంటాం, ఒక పూటంతా గుళ్ళో ఉంటాం. ఆ సమయమంతా కారు చేసే పనేమీ లేదు.

నన్నడిగితే దూరపు ముక్కకు రైలే మేలు. రాత్రి సికింద్రాబాదులో ఎక్కితే తెల్లారేసరికి భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగొచ్చు. పేరు చూసి గుడి పక్కనే దిగుతామనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. సింగరేణి బొగ్గు కోసం వచ్చిన లైను అది. అక్కడి నుంచి గోదావరి ఒడ్డుకు ఇంకా 40 కిలోమీటర్లు పోవాలి. భద్రాచలం పట్టణానికి నేటికీ రైలు లేదు. ఒడిశాలోని మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త లైనుకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అది పూర్తయి రైలు నడిచే రోజున ఈ ప్రసంగంలో సగం కొట్టేయొచ్చు.

తెల్లవారుజామున ఆ స్టేషన్ బయట దృశ్యం చూడాల్సిందే. రైలు ఇంకా పూర్తిగా ఆగకముందే "భద్రాచలం, భద్రాచలం" అన్న కేకలు మొదలవుతాయి. సగం నిద్రలో, చంకలో పిల్లాడితో దిగిన మనిషి చేతిలోంచి బ్యాగు దాదాపు లాక్కున్నంత పని చేస్తారు. "సార్, ఇద్దరొస్తే బండి కదిలిపోద్ది" అంటాడు ఆటో అతను. ఆ ఇద్దరు ఎక్కాక మరో ఇద్దరి కోసం చూస్తాడు. తొందరపడకండి. ఒక టీ తాగి బస్టాండుకు చేరుకుంటే భద్రాచలం బస్సు ఎలాగూ దొరుకుతుంది. ఆటోలో ముందు సీటులో డ్రైవరుకు రెండు పక్కలా మనుషుల్ని కూర్చోబెట్టి 40 కిలోమీటర్లు జాతీయ రహదారి మీద పోవడం అవసరమా?

ఆ రహదారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇది 30వ నంబరు జాతీయ రహదారి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం నుంచి తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ దాటి ఉత్తరాదికి పోతుంది. పాల్వంచ దాటాక రెండు పక్కలా చెట్లు, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఈ దారుల్లోనే బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు, సారపాక పేపరు మిల్లుకు పోయే జామాయిల్ లారీలు నడుస్తాయి. జామాయిల్ లారీ వెనక ఎప్పుడైనా వెళ్ళారా? కర్ర బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వెనక లైటు ఆ కర్రల చాటున ఉందో లేదో చీకట్లో కనపడదు. చివరి కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఉంటే అదే మహాభాగ్యం. ఊరి డ్రైవరు ఆ లారీని చూడగానే వంద గజాల వెనకే ఉండిపోతాడు, అలవాటు. హైటెక్ సిటీ నుంచి సెల్ఫ్ డ్రైవ్ కారులో వచ్చిన కుర్రాడు దాన్ని దాటేద్దామని చూస్తాడు. పైగా సందెవేళ పశువులన్నీ రోడ్డు మీదికి వచ్చేస్తాయి. నల్ల గేదె నల్ల తారు మీద పడుకుంటే దగ్గరికొచ్చేదాకా ఆనవాలు చిక్కదు.

సెల్ఫ్ డ్రైవ్ వద్దని కాదు నేననేది. తీసుకుంటే కాగితాలు చూసి తీసుకోండి. చట్టప్రకారం సెల్ఫ్ డ్రైవుకు ఇచ్చే కారు నంబరు ప్లేటు నల్లగా ఉండి, అక్షరాలు పసుపు రంగులో ఉంటాయి. డ్రైవరుతో సహా అద్దెకొచ్చే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటున్నది సొంత బండి. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ తెల్ల ప్లేటు కార్లను రోజు అద్దెకు ఇచ్చేస్తున్నారు. చవకగానే వస్తుంది. ఏమీ జరగనంతసేపు బాగానే ఉంటుంది కూడా. జరగరానిది జరిగితే, సొంత వాడకానికి బీమా చేసిన బండిని అద్దెకు తిప్పారన్న కారణంతో కంపెనీ క్లెయిము తోసిపుచ్చవచ్చు. అప్పుడు యజమానీ మనమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోవాలి. నల్ల ప్లేటు బండైనా సరే, తాళం తీసుకునే ముందు నాలుగు వైపులా ఫోన్లో వీడియో తీసుకోండి. పాత గీతలకు కొత్త డిపాజిట్టు పోగొట్టుకోకూడదు కదా.

ఇక సరిహద్దు సంగతి. భద్రాచలం ప్రయాణాన్ని తక్కిన యాత్రల నుంచి వేరుచేసేది ఇదే. ఒకప్పుడు గోదావరికి ఇవతల బూర్గంపాడు నిజాం రాజ్యం, అవతల భద్రాచలం బ్రిటిషు వాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీ. నిజాం పోయి, రాష్ట్రాలు మారి, 1959లో భద్రాచలం తాలూకాను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో గోదావరి మీద వంతెన పడింది. అప్పటిదాకా రాజమండ్రి నుంచి లాంచీల్లో వచ్చే భక్తులు, బూర్గంపాడు వైపు నుంచి పడవ దాటే భక్తులు ఉండేవారు. 2014 విభజన తర్వాత గోదావరి మీది ప్రాజెక్టు కింద మునిగే మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. దాంతో గుడి నుంచి రెండు మూడు కిలోమీటర్లు పోతే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. ఇంకో విచిత్రం చూడండి. పర్ణశాల తెలంగాణలోనిదే, దుమ్ముగూడెం మండలం. కానీ భద్రాచలం నుంచి పర్ణశాలకు పోవాలంటే మధ్యలో ఆంధ్రా ఊళ్ళ మీదుగా పోవాలి. పోచవరమైతే పూర్తిగా ఆంధ్రప్రదేశే, వరరామచంద్రాపురం మండలం.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. మీ జేబుకు సంబంధించిన విషయం. రెండు రాష్ట్రాలూ వేరయ్యాక టాక్సీల పన్నులూ వేరయ్యాయి. అందుకే బండి మాట్లాడేటప్పుడు డ్రైవరును సూటిగా అడగండి: "బాబూ, ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందా? లేకపోతే ఆంధ్రా పన్ను ఎవరు కడతారు?" ఈ ప్రశ్న పోచవరం దారిలో కాదు, ఇంటి దగ్గరే అడగాలి. కూనవరం దగ్గర ఆఫీసరు బండి ఆపినప్పుడు వెనక సీట్లో పిల్లలు ఆకలి అంటుంటే బేరం మనవైపు ఉండదు. భద్రాచలంలో, కొత్తగూడెంలో ఉండే బండ్లవాళ్ళకు ఇది రోజూ ఉండే వ్యవహారం. పర్మిటు ఉన్నవాళ్ళే పోచవరం కిరాయి ఒప్పుకుంటారు. దూరపు ఊరి బండి కంటే ఈ ఊరి బండి మేలనడానికి నా మొదటి కారణం ఇదే.

రెండో కారణం, స్థానిక బండి గుత్తగా వస్తుంది. "పర్ణశాల వెళ్ళి రావాలి, మధ్యలో దుమ్ముగూడెం ఆనకట్ట దగ్గర ఒక అరగంట" అంటే ఇంత అని ఒకే మాట చెబుతాడు. మినిమం కిలోమీటర్లూ, నైట్ హాల్టూ ఉండవు. వాడు రాత్రికి వాడింట్లో పడుకుంటాడు, మనం సత్రంలో పడుకుంటాం. ఇద్దరు ముగ్గురే ఉంటే పర్ణశాలకు ఆటో కూడా చాలు. బస్సు కావాలంటే నేరుగా పర్ణశాలకు పోయే సర్వీసుల టైము బస్టాండు ఎంక్వైరీలో కనుక్కుని, తిరుగు బస్సు టైము కూడా అక్కడే అడిగి రాసుకోండి. పోవడానికి బస్సు దొరికి, రావడానికి దొరక్క రోడ్డు మీద నిలబడేవాళ్ళను ఆ దారిలో చూస్తూనే ఉంటాం.

పాపికొండలకైతే బోటు టికెట్టు కొనేటప్పుడే పోచవరం దాకా బండి అందులో కలిసి ఉందా లేదా అడగండి. కలిసి ఉంటే మళ్ళీ కారు దేనికి? లేకపోతే నలుగురైదుగురు కలిసి ఒక బండి మాట్లాడుకోండి. దారిలో కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, అక్కడ ఒక్క నిమిషం ఆపమనండి. బోటు ఎక్కాక లైఫ్ జాకెట్టు వేసుకోవడం సిగ్గు అనుకోకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదులమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే బోట్లు చాలాకాలం ఆగి, నిబంధనలు బిగిశాయి. ఫొటో కోసం జాకెట్టు విప్పేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాం. వాళ్ళకు చెప్పేవాళ్ళు పక్కనుండే బంధువులే కావాలి.

అమ్మ మాట మరిచిపోలేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు. సూపర్ లగ్జరీకీ, ఏసీ బస్సులకూ అది వర్తించదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, సరిహద్దు దాటితే చెల్లదు. అంటే ఖమ్మం నుంచి భద్రాచలం ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే అత్తాకోడళ్ళకు ఖర్చు లేదు. అదే పోచవరం దారిలో టికెట్టు కొనాల్సిందే. ఇంట్లో నలుగురు ఆడవాళ్ళుంటే, ఖమ్మం నుంచి వచ్చే కుటుంబానికి బస్సును మించిన బేరం లేదు. పండగ రోజుల్లో సీటు దొరకడం మాత్రం మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

శ్రీరామనవమి, ముక్కోటి అయితే ఇంకో దారి లేదు, బస్సే. మిథిలా స్టేడియంలో కల్యాణం నాడు మీ కారు ఎంత గొప్పదైనా ఊరి బయటే ఆగుతుంది. అక్కడి నుంచి నడకే. అంత తిప్పలు పడలేనివాళ్ళకు తలంబ్రాలు ఆర్టీసీ కార్గోలో ఇంటికే వస్తున్నాయి. మామూలు రోజుల్లోనూ భద్రాచలంలో గుడికీ, స్నానఘట్టాలకూ, కరకట్టకూ నడిచే పోవచ్చు. గుడి ముందు సందుల్లో కారు తిప్పడమంటే డ్రైవరుకు శిక్ష, వెనకవాళ్ళకు హారన్ల మోత.

మరి కారు తప్పనిది ఎక్కడ? కిన్నెరసానికి తప్పదు. పాల్వంచ వైపు నుంచి లోపలికి పోవాలి. డ్యాము, జింకల పార్కు, చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. బస్సుల మీద ఆధారపడితే సాయంత్రం ఇబ్బంది. కొత్తగూడెంలో తిరుగు రైలు రాత్రికి ఉంటే, చివరి రోజు భద్రాచలంలో బండి మాట్లాడుకుని, కిన్నెరసాని చూపించి స్టేషన్లో దింపమనండి. ఒకే దెబ్బకు రెండు పనులు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళున్నా, చంటిపిల్లలున్నా ఇంటి నుంచే బండి మాట్లాడుకోవడం తప్పు కాదు. ఏడుగురుండి ఇన్నోవా నిండితే తలకు పడే ఖర్చు తగ్గుతుంది, అప్పుడు నా లెక్క చెల్లదు. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటుకు పోదామనుకునేవాళ్ళకూ సొంత బండి కావాలి. అయితే ఘాటు రోడ్డు పగలే దాటేయండి. అడవిలో చాలాచోట్ల సిగ్నలుండదు, పంక్చరు షాపు కోసం ఎంతదూరం పోవాలో చెప్పలేం. చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు రోడ్లలో పోలీసుల తనిఖీలు మామూలే. కొత్త ప్రదేశాలు చూద్దామన్న ఉత్సాహంతో పొద్దుపోయాక ఆ దారుల్లోకి దిగకండి.

చివరిగా అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది, గోదావరి నీటిమట్టం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నీళ్ళు పెరిగేకొద్దీ కూనవరం వైపు, దుమ్ముగూడెం వైపు రోడ్లు తెగిపోతాయి, పర్ణశాలలో సీతమ్మ నారచీరల చోటు మునుగుతుంది. 2022 జూలై 16న నీళ్ళు 71.3 అడుగులకు చేరిన వరదలో వంతెన మీద రాకపోకలే ఆపేశారు. ఆ పరిస్థితిలో కారైనా బస్సైనా ఒకటే. కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు దాకా ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు రైలు టికెట్టు తీసేముందు వార్తల్లో నీటిమట్టం వినండి. మొదటి హెచ్చరిక వచ్చిందంటే పాపికొండలు కార్తీకానికి వాయిదా వేసుకోండి. దర్శనానికి మాత్రం రైలెక్కి వచ్చేయండి, కొత్తగూడెంలో బస్సు సిద్ధంగా ఉంటుంది.